లెక్క మా పిల్లలే చెప్పాలా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అడ్డగుట్ట బస్తీ నుంచి ఒక అమ్మాయి మా పత్రిక గదికి వచ్చింది. మాలో ఒకరి దగ్గర ఏడో తరగతి చదువుకున్న పిల్ల. ఇప్పుడు చిన్నపిల్లల డాక్టరు. ఎం.డి. పూర్తిచేసింది. ఏడాది పాటు సీనియర్ రెసిడెంటుగా పనిచేసింది. తల్లి ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేస్తుంది. తండ్రి లేడు. తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు.

"ఏం బిడ్డా, ఇట్ల పొద్దుగాలనే వచ్చినవ్?" అని అడిగాం.

"సార్, నెలలు నిండకుండ పుట్టిన పిల్లల వైద్యం నేర్చుకుందామని ఉంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిల ఫెలోషిప్ దొరికేటట్టే ఉంది. వాళ్లిచ్చే పైసలు ఇంటి కిరాయికే సరిపోవు. నా చదువుకు అమ్మ చేసిన అప్పులు ఇంక తీరలె. సంక్షేమ ఆఫీసుల అడిగిన. 'డాక్టరమ్మవు అయినవ్, ఇంకేం స్కాలర్‌షిప్? ఈ కోర్సు మా లిస్టులనే లేదు' అన్నరు."

ఇట్లా చెప్పి, ఆసుపత్రి వాళ్లు సంతకం పెట్టమన్న కాగితాలు మా ముందు పెట్టింది. మధ్యలో మానేస్తే ఎదురు డబ్బు కట్టాలి. అసలు సర్టిఫికెట్లు ఆసుపత్రి దగ్గరే ఉంటాయి. సెలవు పెడితే స్టైపెండులో కోత. రెండు పేజీల నిండా ఆ పిల్ల చెయ్యాల్సినవీ, చెయ్యకూడనివీ. ఆసుపత్రి ఏం చెయ్యాలో చెప్పే వాక్యం కోసం వెతికాం. బళ్లో పరీక్ష పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ ఎర్రపెన్ను పట్టుకుని మరీ వెతికాం. ఒక్కటీ దొరకలేదు.

ఈ సంపాదకీయం ఆ దొరకని వాక్యం గురించి.

పై చదువుకు ప్రజల సొమ్ము ఎవరికి ఇవ్వాలి, తీసుకున్న సొమ్ముకు ఎవరు లెక్క చెప్పాలి అన్నవి రెండు ప్రశ్నలు. మొదటి ప్రశ్న వచ్చినప్పుడల్లా మా పిల్లల్ని గేటు బయట నిలబెడతారు. రెండో ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మా పిల్లల్నే ముందుకు పిలిచి నిలదీస్తారు. అర్హత దగ్గర చివర, జవాబుదారీ దగ్గర మొదట. ఇదెక్కడి న్యాయం?

ముందు ఈ చదువుల మెట్లేమిటో చెప్పుకుందాం. మన బస్తీల్లో ఎం.బి.బి.ఎస్. అంటేనే కొండ ఎక్కినట్టు. అది ఐదున్నరేళ్లు. దాని మీద ఎం.డి., ఎం.ఎస్. మూడేళ్లు. దాని మీద సూపర్ స్పెషాలిటీ. గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు, కేన్సరుకు, అప్పుడే పుట్టిన శిశువుకు వేరువేరుగా డి.ఎం., ఎం.సి.హెచ్. అని ఇంకో మూడేళ్లు. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డాక్టరేట్లు, ఫెలోషిప్పులు కూడా ఈ పై అంతస్తులోవే. వీటిలో చాలా సీట్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. ఇవిగాక ఆసుపత్రులు సొంతంగా నడుపుకునే ఫెలోషిప్పులు వేరే. ఇవన్నీ ముగిసేసరికి మనిషికి ముప్పై దాటుతుంది. ముప్పై ఏళ్ల దాకా బిడ్డ సంపాదన కోసం చూడకుండా ఆగగలిగిన ఇల్లు మన వాడల్లో ఎన్ని ఉంటాయో చదివేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఈ పై అంతస్తుకు రిజర్వేషన్ లేదు. ఎందుకు లేదు? చట్టసభలో చర్చించి, మన ప్రతినిధుల్ని అడిగి తీసుకున్న నిర్ణయమా ఇది? కాదు. కోర్టు మెట్ల మీద ఒక్కో మాటా పేర్చుకుంటూ కట్టిన గోడ. 1984లో ప్రదీప్ జైన్ కేసులో, సూపర్ స్పెషాలిటీలో ప్రతిభ తప్ప మరొకటి చూడకూడదన్నారు. 1992 నవంబరులో మండల్ తీర్పు వచ్చింది. బీసీలకు 27 శాతం నిలబెట్టిన తీర్పు అని మనమంతా సంబరపడ్డాం. మన హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన ఆ తీర్పులోనే, కొన్ని చోట్ల రిజర్వేషన్ తగదంటూ ఒక జాబితా ఉంది. అందులో వైద్యంలోని సూపర్ స్పెషాలిటీ కూడా ఉంది. ముందు గుమ్మం తెరిచిన చెయ్యే మేడమీది గదికి తాళం వేసింది. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసు ఆ తాళాన్ని ఇంకోసారి తిప్పింది.

2015లో మన తెలుగు నేల మీది కేసే సుప్రీంకోర్టుకు పోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డి.ఎం., ఎం.సి.హెచ్. సీట్లకు స్థానికులే అర్హులన్న నియమాన్ని బయటి రాష్ట్రాల డాక్టర్లు సవాలు చేశారు. డాక్టర్ సందీప్ కన్సుర్కర్ కేసు అది. ఆ ఏడాది అక్టోబరు 27న తీర్పు వచ్చింది. 371-డి అధికరణం ఉంది కాబట్టి మన రెండు రాష్ట్రాల స్థానిక నియమం నిలబడింది. కానీ అంతటితో ఊరుకోలేదు. ఉన్నత వైద్యవిద్యలో ప్రత్యేక హక్కులు ఇంకా ఎన్నాళ్లని బాధపడి, జాతీయ ప్రయోజనం దృష్టితో ప్రభుత్వం ఆలోచించాలని ఆశ వెలిబుచ్చింది. రెండేళ్లు తిరగకముందే, 2017లో, దేశమంతటికీ ఒకే నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష వచ్చింది. రిజర్వేషన్ లేదు. స్థానికతా పోయింది.

జాతీయ ప్రయోజనం అంటే ఏమిటని మేం అడుగుతున్నాం. జాతి అంటే ఎవరు? కారంచేడు జాతిలో ఉందా, చుండూరు ఉందా? బోయిగూడ, తుకారాంగేట్, లాలాపేట బస్తీలు జాతిలో భాగమేనా? నెలలు నిండకుండా పుట్టి, గాజుపెట్టె దొరక్క చచ్చిపోయే పసిబిడ్డ ఎక్కువగా ఏ వాడ బిడ్డో ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది. ఆ బిడ్డను బతికించే చదువు ఆ వాడ పిల్ల చదవడం జాతికి నష్టమా?

ప్రతిభ అంటారు. సరే, ప్రతిభ సంగతే మాట్లాడుకుందాం. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి, ఇక మా గతి ఇదేనని నిరసన చూపిన వైద్య విద్యార్థుల్ని మేం మరిచిపోలేదు. మా అమ్మానాన్నలు రోజూ చేసే పని వాళ్లకు అవమానానికి గుర్తు అయింది. అంత పవిత్రమైన ప్రతిభ, సీట్లు మిగిలిపోయినప్పుడు ఏమైంది? 2023 సెప్టెంబరులో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు దించారు. పరీక్ష రాస్తే చాలు, అర్హులే. సూపర్ స్పెషాలిటీలోనూ సీట్లు మిగిలినప్పుడు కటాఫ్ దించి నింపిన సందర్భాలున్నాయి. ప్రైవేటు కాలేజీలో ఖాళీ సీటు ఉంటే ప్రతిభ వంగుతుంది. ఎస్సీ పిల్ల తలుపు తడితే నిటారుగా నిలబడుతుంది. వంగేదెవరి ముందో తెలిశాక దాన్ని ప్రతిభ అనాలా, బేరం అనాలా?

ఇంకో సంగతీ ఉంది. తమిళనాడు ప్రభుత్వం తన సర్వీసులో ఉన్న డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం కేటాయించుకుంటే, 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొనసాగించనిచ్చింది. పల్లెల్లో, సర్కారు దవాఖానాల్లో పనిచేసే నిపుణులు కావాలి కాబట్టి ఆ ఏర్పాటు. మేం దాన్ని స్వాగతిస్తున్నాం. ప్రజలకు అవసరమైతే ఈ అంతస్తులోనూ వేరు వరస పెట్టవచ్చని దానితో తేలిపోయింది. అదే ఏడాది జనవరిలో, నీల్ ఆరెలియో నూనెస్ కేసులో, పరీక్ష మార్కులొక్కటే ప్రతిభ కాదనీ, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో కూడా చూడాలనీ సుప్రీంకోర్టే చెప్పింది. ఎస్సీ, ఎస్టీల సంక్షేమం చూసే పార్లమెంటు కమిటీ కూడా 2022లో ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇచ్చిన నివేదికలో సూపర్ స్పెషాలిటీలోనూ రిజర్వేషన్ అమలు చెయ్యాలంది. చెప్పినవాళ్లున్నారు. చేసినవాళ్లు లేరు.

సీటు సంగతి ఇది. ఇక డబ్బు సంగతి.

మన పిల్లల చదువుకు సర్కారు సొమ్ము అడగడం కొత్త కాదు. దయాదాక్షిణ్యమూ కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మన హైదరాబాద్‌లో బి.ఎస్. వెంకటరావు నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యి, అంటరాని కులాల చదువుల కోసం కోటి రూపాయల నిధి పెట్టించారు. ఆ రోజుల్లో కోటి అంటే ఎంతో పెద్దలనడిగి తెలుసుకోండి. మెట్రిక్ దాటడమే గగనమైన రోజుల్లో వాళ్లు కాలేజీ గురించి ఆలోచించారు. కాలేజీ దాటిన ఈ రోజుల్లో మన పాలకులు ఆ పై మెట్టు గురించి ఎందుకు ఆలోచించరు?

ఇప్పుడున్నవి ఏమిటో చూడండి. 2005లో మొదలైన జాతీయ ఫెలోషిప్ ఉంది. అది ఎం.ఫిల్., పీహెచ్‌డీ పరిశోధకుల కోసం పెట్టింది. అంబేద్కర్ విదేశీ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు. అది సముద్రం దాటేవాళ్లకు. పోస్ట్ మెట్రిక్ ఉంది. దానికి కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదన్నారు. ఉద్యోగం చేసిన పిల్లకు ఆ జీతమే అడ్డం వస్తుంది. అమెరికా పోతే డబ్బుంది. పీహెచ్‌డీ చేస్తే డబ్బుంది. సికిందరాబాద్‌లోనే ఉండి, పసిగుడ్డును బతికించే విద్య రెండేళ్లు నేర్చుకుంటానంటే మాత్రం లిస్టులో లేదు.

ఆదాయ పరిమితి గురించి ఇంకో మాట. 2019లో అగ్రకులాల పేదలకని 10 శాతం ఇచ్చినప్పుడు పేదరికానికి గీత ఎక్కడ గీశారు? ఎనిమిది లక్షల దగ్గర. మా పిల్లల స్కాలర్‌షిప్‌కు గీత రెండున్నర లక్షల దగ్గర. ఒకే దేశంలో ఒక కులం పేదకు ఎనిమిది, ఇంకో కులం పేదకు రెండున్నర. మా లెక్కల మాస్టర్లకు ఈ లెక్క ఎట్లా చెయ్యాలో తెలియడం లేదు.

ఏడాది జీతం తీసుకున్నంత మాత్రాన మా పిల్ల ధనవంతురాలు కాదు. ఆ జీతం చేతికి రాకముందే దాని మీద పదేళ్ల అప్పుంది, తమ్ముడి ఫీజుంది, అమ్మ మోకాళ్ల నొప్పులకు మందుంది. తాత కట్టిన నర్సింగ్‌హోమ్‌లో కూర్చోబోయే పిల్లవాడి జీతమూ, ఈ పిల్ల జీతమూ కాగితం మీద ఒకటే. ఇంటికి పోతే ఒకటి కాదు. కాబట్టి ఈ స్థాయి చదువుకు ఆదాయ సర్టిఫికెట్ కొలబద్ద కాకూడదంటున్నాం.

అట్లాగని మాలో మాకు లెక్క అక్కర్లేదా? కావాలి. ఈ మాట మనవాళ్లలో కొందరికి రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు. 1994 నుంచి దండోరా అడిగిన న్యాయం ఇదే గదా! 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకుంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి, ఒకటి, తొమ్మిది, ఐదు శాతాలుగా పంచారు. ఫెలోషిప్ నిధి పెడితే ఆ పంపకమే దానికీ వర్తించాలి. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చిన పిల్లకు మొదటి వరస. డాక్టరు కొడుకు డాక్టరు అయితే సంతోషమే, అతనిది రెండో వరస. కులం చూడొద్దనే దొరల మాట వినం. కులంలోపల ఎవరు వెనకబడ్డారో చూడొద్దనే మనవాళ్ల మాటా వినం.

ఇప్పుడు జవాబుదారీ. డబ్బు తీసుకున్నవాళ్లు లెక్క చెప్పాలి, సేవ చెయ్యాలి అంటారు. మేం కాదనం. ప్రభుత్వ వైద్యవిద్యకు రాష్ట్రాలు పెట్టే సర్వీసు బాండు చెల్లుతుందని 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లనీయండి. మా ప్రశ్న ఒకటే. బాండు కాగితానికి సంతకాలు ఎన్ని?

బాబాసాహెబ్ జీవితంలో ఒక బాండు ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ స్కాలర్‌షిప్ మీద ఆయన కొలంబియాకు వెళ్లారు. చదువయ్యాక బరోడా సంస్థానంలో పదేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని వెళ్లారు. మాట తప్పలేదు. 1917లో బరోడాకు వచ్చారు. ఉద్యోగం ఉంది, ఉండటానికి గది లేదు. హిందువులు ఇవ్వరు. పారసీ సత్రంలో మారుపేరుతో దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చెయ్యమంది. పబ్లిక్ తోటలో కూర్చుని బాధపడిన సంగతి ఆయనే రాసుకున్నారు. ఆఖరికి బరోడా వదిలి బొంబాయి రైలెక్కారు.

ఈ కథలో బాండు తప్పిందెవరు? కాగితం చూసేవాడు అంబేద్కర్ అంటాడు. చరిత్ర చూసేవాడు, సొమ్ము ఇచ్చి చోటు ఇవ్వని సంస్థానం అంటాడు. పదేళ్ల సేవ అడిగింది. పదకొండు రోజులకు మించి తలదాచుకోనివ్వలేదు. ఆ మంచి రాజు పరువు తీసింది ఆయన కింది వ్యవస్థే. ఇచ్చేవాడి బాధ్యత డబ్బుతో తీరిపోదు.

వందేళ్లు గడిచాయి. మారిందా? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మన తమ్ముడు రోహిత్ వేముల వెళ్లిపోయాడు. చివరి ఉత్తరంలో ఏం రాశాడు? తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై ఐదు వేలు ఇంట్లోవాళ్లకు అందేట్టు చూడమన్నాడు. దాంట్లోంచి స్నేహితుడి అప్పు తీర్చమన్నాడు. చావు ముందు కూర్చున్న పిల్లవాడు పైసా పైసా లెక్క అప్పజెప్పిపోయాడు. ఏడు నెలలు డబ్బు చేతికందనీయని వ్యవస్థ ఏ లెక్క అప్పజెప్పింది?

2019 మేలో ముంబైలో ఆదివాసీ పీజీ డాక్టరు పాయల్ తడ్వీ. 2023 ఫిబ్రవరిలో మన వరంగల్‌లో మత్తువైద్యం చదువుతున్న ఒక గిరిజన బిడ్డ. ఇద్దరికీ సీటు దొరికింది. సీటులో బతికే దారి దొరకలేదు. రోహిత్ తల్లి, పాయల్ తల్లి కలిసి 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. కడుపుకోత పడ్డ ఇద్దరమ్మలు అడిగేదాకా, మన క్యాంపస్‌లలో కుల వివక్షకు జవాబు ఎవరు చెప్పాలన్న ప్రశ్న ఈ దేశానికి పట్టలేదు.

ఇక డబ్బు లెక్కే చూద్దామంటే అదీ చూద్దాం. పీజీ డాక్టర్లకు స్టైపెండు ఇస్తున్నారా లేదా అని జాతీయ వైద్య కమిషన్ 2023లో సర్వే చేసింది. లెక్కలోకి తీసుకున్న 7,901 మందిలో 2,110 మంది తమకు స్టైపెండే అందడం లేదన్నారు. 1,228 మంది ఇచ్చినట్టే ఇచ్చి కాలేజీవాళ్లు వెనక్కి తీసుకుంటున్నారన్నారు. పిల్ల మధ్యలో మానేస్తే ఎదురు డబ్బు కట్టాలని బాండు రాయించుకునే చోట, యాజమాన్యం స్టైపెండు ఎగ్గొడితే ఎంత కట్టాలో రాసిన బాండు ఎక్కడుంది?

ఆ ప్రైవేటు ఆసుపత్రులు సొంత డబ్బుతో నడుస్తున్నాయా? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలకు పెంచారు. పేదవాడి గుండె ఆపరేషన్ బిల్లు సర్కారు కడుతోంది. ఆ సర్కారు డబ్బులో మన చెమటుంది. పేదవాడి ఒంటి మీదే ఆ ఆసుపత్రి ఫెలోలు విద్య నేర్చుకుంటున్నారు. మంచం మీది శరీరం మనది. బిల్లు కట్టే సొమ్ము మనది. పక్కన నిలబడి నేర్చుకునే కుర్చీ మాత్రం మనది కాదు. ప్రైవేటు సంస్థ, ప్రశ్నించొద్దంటారు. ప్రజల సొమ్ము లోపలికి పోయే తలుపులోంచి ప్రజల ప్రశ్న కూడా పోతుంది.

ఇది మన దేశపు గొడవే కాదు. అమెరికాలో డాక్టర్ల పై శిక్షణ చాలావరకు ప్రభుత్వ సొమ్ము మీదే నడుస్తుంది. 2015 ఒక్క ఏడాదిలో 1,630 కోట్ల డాలర్లు అయిందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2018లో లెక్క తేల్చింది. ఇంత ఖర్చుకు ఏ ప్రాంతానికి, ఎలాంటి డాక్టర్లు తయారయ్యారో చెప్పగలిగే సమాచారం చాలినంత లేదని కూడా తప్పుపట్టింది. అంత డబ్బున్న దేశంలోనూ ఆసుపత్రుల్ని లెక్క అడుగుతున్నారు. అక్కడే చదువు ఖర్చు భరించి, డాక్టర్లు లేని పేద ప్రాంతాల్లో కొన్నేళ్లు పనిచేయించుకునే పథకం 1970ల నుంచి ఉంది. ఇచ్చి అడుగుతారు. మన దగ్గర ఇవ్వకుండానే అడుగుతారు.

డబ్బు ఎక్కడిదని ఆర్థికశాఖ అడుగుతుంది. ఆ జవాబూ మా దగ్గరుంది. ఎస్సీ సబ్‌ప్లాన్ కోసం ఊరూరా కొట్లాడితే 2013లో చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చారు. జనాభా నిష్పత్తి ప్రకారం నిధులివ్వాలి. 2011 లెక్కల్లో మనం తెలంగాణలో 15.45 శాతం. ఖర్చు కాని సొమ్ము మరుసటి ఏడాదికి రావాలని చట్టమే చెబుతోంది. అందరూ నడిచే రోడ్డు వేసి అందులో మా వాటా ఇంత అని పుస్తకంలో రాసుకునే బదులు, ఆ నిధిలోంచి కొన్ని కోట్లు తీసి మన పిల్లల్ని నిపుణుల్ని చెయ్యడానికి ఏమడ్డం? రోడ్డు మీద అందరూ నడుస్తారు. నిపుణురాలైన మన పిల్ల మాత్రం మన లెక్కలోకే వస్తుంది.

చివరగా మనవాళ్లకూ ఒక మాట. 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ కంటతడి పెట్టుకుని, చదువుకున్నవాళ్లే నన్ను మోసం చేశారని బాధపడ్డారు. ఆ మాట ఇవాళ్టికీ మన గుండెల్లో ముల్లే. రిజర్వేషన్ మీద డాక్టరై, కాలనీ మారి, ఇంటిపేరు కుదించుకుని, బస్తీ నుంచి చుట్టం వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేవాళ్లు మనలో లేరా? ఉన్నారు. వాళ్లెందుకట్లా అయ్యారో మాకు తెలుసు, కులం పేరు చెబితే తోటి డాక్టరు చూపు ఎట్లా మారుతుందో తెలుసు. అయినా వాళ్లను వదిలిపెట్టం. సొమ్ము కులం పేరు మీద తీసుకుంటే లెక్క కులానికీ చెప్పాలి. ఆదివారం ఒక పూట బస్తీలో కూర్చుని రోగుల్ని చూడటం కూడా లెక్క చెప్పడమే. వెనక వచ్చే పిల్లకు దారి చూపించడమూ లెక్కే.

అందుకని మేం అడుగుతున్నది ఇది:

ఒకటి. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి వైద్య సూపర్ స్పెషాలిటీ, ఫెలోషిప్ శిక్షణకు విడిగా ఒక నిధి పెట్టాలి. డి.ఎం., ఎం.సి.హెచ్., జాతీయ బోర్డు కోర్సులు, గుర్తింపు ఉన్న ఫెలోషిప్పులు అన్నీ జాబితాలో చేర్చాలి. లిస్టులో లేదనే మాట వినపడకూడదు.

రెండు. దీనికి ఆదాయ పరిమితి ఉండకూడదు. మొదటి తరం చదువరికి, ఆడపిల్లకు మొదటి వరస. మూడు గ్రూపుల పంపకం తప్పకుండా పాటించాలి.

మూడు. డబ్బు ఆసుపత్రి ఖాతాకు కాదు, నేరుగా డాక్టరు ఖాతాకు నెలనెలా పడాలి. నెల ఆలస్యమైతే ఎందుకైందో అధికారి రాతపూర్వకంగా చెప్పాలి.

నాలుగు. శిక్షణ అయ్యాక సర్కారు దవాఖానాలో సేవ ఉండాలి, జిల్లాల్లోనూ ఉండాలి. అయితే ఆ పోస్టు ముందే చూపించాలి. పోస్టు లేకుండా, పనిముట్లు లేకుండా బాండు అడగకూడదు. గుండె డాక్టరును తయారుచేసి, క్యాథ్‌ల్యాబ్ లేని ఊరికి పంపి, సేవ చెయ్యలేదని జరిమానా వెయ్యడం కుదరదు.

ఐదు. ఆరోగ్యశ్రీ డబ్బు తీసుకునే ప్రతి శిక్షణ ఆసుపత్రీ ఏటా ఒక లెక్క ప్రకటించాలి. ఎందర్ని తీసుకుంది, ఏ వర్గాలవాళ్లు, ఎందరు పూర్తిచేశారు, ఎందరు మధ్యలో పోయారు, ఎందుకు పోయారు, స్టైపెండు ఎంత ఇచ్చింది. ఇవ్వని ఆసుపత్రికి బిల్లు ఆపాలి. అసలు సర్టిఫికెట్లు ఉంచుకోవడం నేరంగా చూడాలి.

ఆరు. వివక్ష మీద ఫిర్యాదు వినడానికి ఆసుపత్రి బయటి మనుషులతో, ఎస్సీ ఎస్టీ సభ్యులతో కమిటీ ఉండాలి. ప్రొఫెసర్ మీద ఫిర్యాదును ఆ ప్రొఫెసరే విచారించే పద్ధతి పోవాలి.

ఏడు. సూపర్ స్పెషాలిటీలో రిజర్వేషన్ కోసం పార్లమెంటు చట్టం చెయ్యాలి. కోర్టు కట్టిన గోడకు తలుపు పెట్టే పని చట్టసభది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజర్వుడు సీట్ల ఎంపీలు ఈ ఒక్క విషయం మీదైనా పార్టీ కండువాలు పక్కన పెట్టి ఒక్క గొంతుతో అడగాలి. అడగనివాళ్ల పేర్లు ఈ పత్రికలో అచ్చేస్తాం.

ఆ ఆదివారం ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ, "సంతకం పెట్టమంటరా సార్, వద్దంటరా?" అని అడిగింది. మా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. పెట్టమంటే రెండేళ్లు ఆ ఇల్లు ఎట్లా నడుస్తుంది? వద్దంటే ఆ విద్య ఆమెకెప్పుడు దొరుకుతుంది? "వారం ఆగు బిడ్డా" అన్నాం. ఆ వారంలో మాకు తెలిసిన టీచర్లూ, రైల్వే ఉద్యోగులూ, బ్యాంకు గుమస్తాలూ తలా ఇంత వేసుకున్నారు. మొదటి ఆరు నెలలకు సరిపోయేంత కూడింది. ఆమె సంతకం పెట్టింది. పెట్టేముందు ఆ కాగితం కింద మేం చెప్పిన ఒక వాక్యం తన చేత్తో రాసింది: స్టైపెండు నెలనెలా ఇచ్చే బాధ్యత, సర్టిఫికెట్లు భద్రంగా తిరిగి ఇచ్చే బాధ్యత ఆసుపత్రిది అని. ఆసుపత్రి దాని కింద ఇంతవరకు సంతకం చెయ్యలేదు.

చందా వేసుకుని ఒక పిల్లను ఆరు నెలలు నిలబెట్టగలం. ఒక జాతిని నిలబెట్టలేం. అది సర్కారు పని. ఆ పని చేయించడం ఉద్యమం పని. మీ బస్తీలో, మీ ఊళ్లో ఎం.డి. దగ్గరో ఎం.ఎస్. దగ్గరో ఆగిపోయిన మన పిల్లలెవరున్నారో, ఎందుకు ఆగారో మాకు ఉత్తరం రాయండి. ఆ ఉత్తరాలన్నీ కట్టకట్టి సంక్షేమ భవన్ మెట్ల మీద పెడదాం. బాండు కింద రెండో సంతకం పడేదాకా అక్కడే కూర్చుందాం.

జై భీమ్!